చురేకి: గ్రీకుల ఈస్టర్ జడరొట్టెను ఇంట్లో కాల్చుకునే పద్ధతి

బాగా కుదిరిన చురేకిని కత్తితో కోసి కాదు, చేత్తో తుంచి చూడాలి. తుంచిన చోట రొట్టె పొడిపొడిగా రాలకుండా, ఉడికిన పనసకాయ ముక్క చీలినట్టు నిలువునా సన్నని పోగులుగా విడివడాలి. గ్రీకు ఇళ్లలో ఈ రొట్టె కుదిరిందో లేదో తేల్చేది ఆ పోగులే. పైన మెరిసే పూత, జడ చివర కూర్చోబెట్టిన ఎర్ర గుడ్డు, చల్లిన బాదం పలుకులు అన్నీ ఆ తర్వాతి మాట. అందువల్ల ఇక్కడ పిండి ఎంపిక మొదలుకొని ఓవెన్ వేడి వరకు ప్రతి పనినీ, అది పోగుకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్న దృష్టితోనే వివరిస్తున్నాను.

ముందుగా పేరు సంగతి. ‘చుక్క’, ‘చాప’ అన్న మాటల్లో మనం పలికే దంత్య చకారమే ఈ పేరు మొదట్లోనూ ఉంది కనుక తెలుగువారికి దీన్ని పలకడం కష్టం కాదు. తుర్కీ భాషలోని ‘చొరెక్’ అన్న మాట నుంచి ఇది గ్రీకులోకి వచ్చింది. ఆర్మేనియన్లు ఇలాంటి రొట్టెనే ‘చొరెగ్’ అంటారు. గ్రీకులో ఈస్టర్‌కు ‘పాస్ఖా’ అని పేరు, తెలుగు బైబిల్లోని ‘పస్కా’కు దగ్గరి చుట్టమే. తూర్పు సంప్రదాయ చర్చి జూలియన్ పంచాంగాన్ని అనుసరించి పండుగను లెక్కిస్తుంది కాబట్టి వారి ఈస్టర్ చాలా ఏళ్లలో మన దగ్గర జరిగేదానికంటే ఆలస్యంగా వస్తుంది: 2026లో మనకు ఏప్రిల్ 5 అయితే వారికి ఏప్రిల్ 12, 2027లో మనకు మార్చి 28 అయితే వారికి మే 2.

ఈ రొట్టెలో గుడ్లు, పాలు, వెన్న ఇంత ధారాళంగా పడడానికి కారణం దానికి ముందుండే ఉపవాసం. నలభై రోజులు, ఆపైన పవిత్ర వారం (ఈస్టర్‌కు ముందు వారం), మాంసంతోపాటు గుడ్లూ పాలూ వెన్నా మానేసినవారికి పండుగనాడు అవన్నీ ఒక్కచోట దొరికే పదార్థం ఇది. పవిత్ర గురువారంనాడు గుడ్లకు ఎర్ర రంగు వేస్తారు, చాలా ఇళ్లలో చురేకి కాల్చేదీ ఆ రోజే. శనివారం అర్ధరాత్రి చర్చిలో దీపాలు వెలిగించి ‘క్రిస్తోస్ అనెస్తి’ (క్రీస్తు లేచాడు) అనుకున్నాక ఇంటికి చేరి, ఉపవాసం విడుస్తారు. మూడు పాయల జడను త్రిత్వానికీ (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ), ఎర్ర రంగును క్రీస్తు రక్తానికీ గుర్తుగా చెబుతారు.

కావలసినవి

ఈ కొలతలతో ఒక్కొక్కటి సుమారు 580 గ్రాముల రొట్టెలు రెండు వస్తాయి. కప్పుల లెక్కను నమ్ముకోకుండా తక్కెడ వాడండి. గ్రాముల్లో పది తేడా వస్తే పిండి చేతికి అంటుకుపోతుంది.

బ్రెడ్ పిండి 600 గ్రా.
పంచదార 150 గ్రా.
ఉప్పు లేని వెన్న 100 గ్రా.
గుడ్లు 3 (పెంకు తీశాక 135 గ్రాముల వరకు)
పాలు 180 మి.లీ.
ఇన్‌స్టంట్ ఈస్ట్ 9 గ్రా.
ఉప్పు 5 గ్రా.
మహ్లెపి గింజలు 5 గ్రా.
మస్తిఖా 1 గ్రా.
ఏలకుల పొడి అర టీస్పూను
ఒక నారింజ పైతొక్క తురుము
పై పూతకు ఒక గుడ్డు పచ్చసొన, ఒక టేబుల్ స్పూను పాలు
చల్లడానికి సన్నగా తరిగిన బాదం, రంగు వేసిన ఉడికిన గుడ్లు 2

పిండి గురించి కాస్త ఆగి చెప్పాలి. గ్రీసులో చురేకి కోసమే ప్రత్యేకంగా పిండి అమ్ముతారు. దానిలో మాంసకృత్తులు ఎక్కువ. మన కిరాణా కొట్లో దొరికే మామూలు మైదాలో అవి నూటికి పది చొప్పున, ఆ చుట్టుపక్కల ఉంటాయి. బిస్కెట్లకు అది చాలుతుంది గాని, ఇంత చక్కెర, ఇంత వెన్న మోస్తూ పోగులు సాగాలంటే చాలదు. ప్యాకెట్ వెనుక పట్టిక చూసి వంద గ్రాములకు 12 గ్రాములు లేదా అంతకుమించి ప్రొటీన్ ఉన్న బ్రెడ్ పిండి తీసుకోండి. అది దొరకకపోతే 585 గ్రాముల మైదాలో 15 గ్రాముల గ్లూటెన్ (గోధుమలోని సాగే మాంసకృత్తు) పొడి కలిపి జల్లించుకుంటే పని జరుగుతుంది. గోధుమపిండితో మాత్రం ప్రయత్నించవద్దు. దానిలోని పొట్టు సాగే పొరలను ఎక్కడికక్కడ తెంపేస్తుంది. మన ఇళ్లలో ఉండే పసుపురంగు టేబుల్ బటర్ వాడేటట్లయితే, దానిలో ఉప్పు ముందే ఉంటుంది కనుక విడిగా ఉప్పు వేయకండి.

రెండు సువాసనలు: మహ్లెపి, మస్తిఖా

చురేకి కాలుతున్న ఇంటిని వీధిలోంచే పసిగట్టవచ్చంటే ఆ పుణ్యం ఈ రెండింటిదే. మహ్లెపి అంటే ఒక రకం అడవి చెర్రీ పండు విత్తనంలోపలి పప్పు. చూడడానికి లేత గోధుమరంగులో, కందిబద్దకంటే కాస్త పొడుగ్గా, కన్నీటిబొట్టు ఆకారంలో ఉంటుంది. నోట్లో వేసుకుంటే ముందు చేదు తగిలి, ఆ తర్వాత బాదం, చెర్రీ కలిసినట్టు వాసన వస్తుంది. పొడిగా కొన్నది డబ్బాలో కూర్చుని త్వరగా కందెన వాసన కొడుతుంది. గింజలుగానే కొని, వాడేరోజున ఒక చెంచా పంచదారతో కలిపి దంచుకోండి. నిలవ గింజలు ఫ్రీజర్‌లో ఉంచాలి.

మస్తిఖా సంగతి మరీ విచిత్రం. గ్రీసులోని ఖియోస్ దీవి దక్షిణ భాగంలో పెరిగే ఒక పొద జాతి చెట్టు బంక అది. వేసవిలో చెట్టు మానుపై సన్నని గాట్లు పెడతారు. కింద నేలను శుభ్రంగా ఊడ్చి తెల్లని సున్నపుమట్టి పరుస్తారు. గాట్ల నుంచి కారిన బంక బొట్లుబొట్లుగా ఆ మట్టిమీద పడి గట్టిపడ్డాక ఏరి, మట్టీ ఆకూ లేకుండా శుభ్రం చేస్తారు. ఆ బొట్లను అక్కడివారు ‘కన్నీళ్లు’ అంటారు. ఖియోస్ మస్తిఖాకు ఐరోపాలో 1997లో ప్రాంతీయ గుర్తింపు రక్షణ లభించింది. దాన్ని పండించే నేర్పును యునెస్కో 2014లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఇదేదో మనకు తెలియని వస్తువనుకోకండి. యునానీ మందులు అమ్మే మూలికల దుకాణాల్లో ‘రూమీ మస్తగీ’ పేరుతో ఉండేది ఇదే. కొనేటప్పుడు ఒక బొట్టు నమిలి చూడండి: అసలుదైతే ముందు పొడిగా పగిలి, నమిలేకొద్దీ జిగురుగా మారి, దేవదారు చెక్కను తలపించే వాసన వదులుతుంది. దీన్ని దంచేటప్పుడు అరగంట ఫ్రీజర్‌లో ఉంచి, చిటికెడు పంచదార చేర్చి, చిన్న రోట్లో మెల్లగా నూరాలి. నేను మొదటిసారి ఇవేవీ పాటించకుండా మిక్సీలో తిప్పాను. అది వేడెక్కి బ్లేడుకు చుట్టుకుపోయి, వేడినీళ్లకూ లొంగక, చివరికి నూనె రాసి గీకాల్సివచ్చింది. ఒక గ్రాము మించితే రొట్టె చేదెక్కి మందు వాసన వేస్తుందని కూడా గుర్తుంచుకోండి.

మహ్లెపి దొరకని ఊళ్లో ఉన్నవారు నాలుగు చుక్కల బాదం ఎసెన్స్ వేసి, ఏలకుల పొడిని టీస్పూనుకు పెంచుకోవచ్చు. ఏలకులు మనం దూర్చిన మార్పు కాదు. గ్రీకులు వాటిని ‘కాకులే’ అంటారు, చాలా ఇళ్లలో చురేకిలో వేస్తారు.

ఎర్ర గుడ్లు

ఇది ముందురోజు పని. ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి వచ్చిన తెల్ల గుడ్లను చన్నీళ్లలో వేసి, సన్నని సెగమీద పది నిమిషాలు ఉడికించండి. వేరే గిన్నెలో వేడినీళ్లు, రెండు టేబుల్ స్పూన్ల వెనిగర్, తినదగిన ఎరుపు రంగు కలిపి, ఉడికిన గుడ్లను అందులో ముదురు రంగు పట్టేవరకు ఉంచండి. పాతకాలపు పద్ధతిలో చేరెడు ఉల్లిపొట్టును నీళ్లలో మరిగించి, వెనిగర్ కలిపి వాడతారు. దానితో వచ్చేది కుంకుమ ఎరుపు కాదు, ఇటుకరంగు. రంగు పూర్తిగా ఆరాక కాస్త ఆలివ్ నూనె గుడ్డముక్కకు అద్ది తుడిస్తే నిగనిగలాడతాయి. తడి మిగిలితే రొట్టెమీద గులాబి మరకలు పడతాయి. రొట్టెలో పెట్టేవి రెండు పోను మిగిలిన గుడ్లతో పిల్లలు ఒకరి గుడ్డును మరొకరి గుడ్డుతో కొట్టుకునే ఆట ఆడతారు. గ్రీకులో దానిపేరు ‘చుగ్రిస్మా’; ఎవరి గుడ్డు పగలకుండా మిగులుతుందో ఆ ఏడాది అదృష్టం వారిదని నమ్మకం.

పిండి కలపడం

పాలను గోరువెచ్చగా, చిటికెన వేలు ముంచితే హాయిగా ఉండేంతవరకే వేడిచేయండి. వేలు చురుక్కుమంటే ఈస్ట్‌కూ అది ఎక్కువే. అందులో 120 మి.లీ. తీసుకుని, ఈస్ట్, ఒక చెంచా పంచదార, 100 గ్రాముల పిండి కలిపి దోసెపిండి జారుగా చేసి, మూతపెట్టి అరగంట వదలండి. దీనికొక కారణముంది. చక్కెర ఎక్కువైన ముద్దలో ఈస్ట్‌కు నీరు అందడం కష్టమై అది మందగిస్తుంది. ముందే తీపి తక్కువున్న పలుచటి పిండిలో దానికి ఊపిరి అందిస్తే తర్వాతి బరువును మోయగలుగుతుంది. అరగంటకు పైన నురుగు బుడగలు రాకపోతే ఆ ఈస్ట్ పాతబడిందని అర్థం. అక్కడితో ఆపి కొత్తది తెచ్చుకోవడమే మేలు.

ఈలోగా గుడ్లను, మిగిలిన పంచదారను ఒక గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెమీద ఉంచి, చక్కెర కరిగి మిశ్రమం గోరువెచ్చబడేదాకా గిలకొట్టండి. చేయి ఆపితే గుడ్డు పొరటు అవుతుంది, జాగ్రత్త. ఇందులో మహ్లెపి, మస్తిఖా, ఏలకులు, నారింజ తురుము కలపండి. తురిమేటప్పుడు తొక్క కిందుండే తెల్లని పొర రాకూడదు.

మిగిలిన 500 గ్రాముల పిండిలో ఉప్పు కలిపి, పొంగిన ఈస్ట్ మిశ్రమాన్ని, గుడ్ల మిశ్రమాన్ని, మిగిలిన పాలలో 40 మి.లీ. పోయండి. ఆఖరి 20 మి.లీ. చేతిలో ఉంచుకుని ముద్దను బట్టి వాడండి. పిండ్లన్నీ ఒకేలా నీరు తాగవు. ముద్ద కలిశాక పదిహేను నిమిషాలు మూతపెట్టి కదపకండి. ఆ విరామంలో పిండి తనంతట తాను తడిసి, పిసికే పని సగం తగ్గుతుంది.

తర్వాత పిసకడం. మిక్సర్‌తో అయితే తక్కువ వేగంలో ఎనిమిది నిమిషాలు, చేతితో అయితే పదిహేను. ముద్ద మొదట్లో చేతికి అంటుతుంది. అప్పుడు అదనంగా పిండి చల్లడమే కొత్తవారు చేసే తప్పు. చల్లిన పిండి జిగురును తాత్కాలికంగా దాచి, రొట్టెను గట్టి పరుస్తుంది. చేతికి కాస్త కరిగిన వెన్న రాసుకుని, ముద్ద అంచు పట్టి పైకి లాగి, తనమీదే మడిచి, పావు వంతు తిప్పి మళ్లీ లాగండి. బొబ్బట్లకు మీది పిండిని సాగేదాకా మర్దించే చేతికి ఇది కొత్త విద్య కాదు.

ముద్ద నున్నగా మారాక మాత్రమే వెన్న. అది కరిగి ఉండకూడదు, గట్టిగానూ ఉండకూడదు, వేలు నొక్కితే దిగబడేంత మెత్తగా ఉండాలి. ఒక్కో చెంచా చొప్పున వేస్తూ, వేసినది పూర్తిగా ఇంకాకే తర్వాతిది వేయండి. కొవ్వు ముందే పడితే గ్లూటెన్ పొరలు ఒకదానితో ఒకటి అతుక్కోకముందే వాటికి నూనె పూత పట్టి, సాగే జాలం తయారు కాదు. నేను తొలిసారి కరిగించిన వెన్నంతా మొదట్లోనే పోశాను. వచ్చినది టీలోకి పనికివచ్చే మంచి కేకే గాని, పోగు ఒక్కటీ లేదు. వెన్న అంతా ఇంకాక ఇంకో ఐదారు నిమిషాలు పిసికి, చిన్న ముద్ద తీసి వేళ్లమధ్య పలుచగా సాగదీయండి. చిరగకుండా, వెనుకనున్న వేళ్ల నీడ కనిపించేంత పొర వస్తే చాలినట్టే. చిరిగితే ఇంకా పిసకాలి. ఇక్కడ మరో మార్గం లేదు.

పొంగనివ్వడం

గ్రీకు అమ్మమ్మలు పిండిగిన్నెకు దుప్పట్లు చుట్టి, గాలి సోకకుండా మూలన దాచేవారు. అది అక్కడి వసంతకాలపు చలికి తగిన జాగ్రత్త. ఏప్రిల్, మే నెలల్లో మన వంటిళ్లకు దుప్పటి అక్కరలేదు సరికదా, వేడే శత్రువు. ముద్ద 27 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే గంటన్నర నుంచి రెండు గంటల్లో రెట్టింపవుతుంది. 35 డిగ్రీలు దాటిన గదిలో గంటకే పొంగి, వెన్న కరిగి బయటికి చెమ్మలా కారుతుంది. ఆ ముద్ద జడకు నిలవదు. అలాంటి రోజుల్లో పాలను వేడిచేయకుండా గది వేడిలోనే వాడి, గిన్నెను ఏసీ గదిలో గాని, చన్నీళ్లు పోసిన వెడల్పాటి పళ్లెంలో గాని ఉంచండి. నాకు నచ్చిన పద్ధతి ఇంకొకటుంది: అరగంట బయట ఉంచి, మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టడం. పొద్దునకు వెన్న గట్టిపడి ముద్ద చెప్పినట్టు వింటుంది, సువాసనలూ పిండిలోకి దిగుతాయి.

జడ అల్లడం

పొంగిన ముద్దను మెల్లగా అణచి, తూచి ఆరు భాగాలు చేయండి. ఒక్కొక్కటి 195 గ్రాముల వరకు ఉంటుంది. ఒక్కో భాగాన్ని చేతులతో దీర్ఘచతురస్రంగా పరిచి, పొడుగు వైపు నుంచి బిగుతుగా చుట్టి, పది నిమిషాలు విశ్రాంతి ఇవ్వండి. ఆ తర్వాత రెండు చివరలు పట్టి, గాలిలో కాస్త ఊపుతూ పొడుగ్గా లాగండి. సాగినది సాగాక మధ్యకు మడిచి, మళ్లీ లాగండి. బల్లమీద చపాతీకర్రలా దొర్లించడం కంటే ఇలా లాగడం వల్లనే పిండిలోని పొరలు పొడుగునా ఒకే దిక్కుకు సర్దుకుంటాయి. కాలాక మనం చూసే పోగులు ఇవే. పాయ 38 నుంచి 40 సెం.మీ. పొడుగుకు రావాలి. లాగుతుంటే వెనక్కి ముడుచుకుంటే బలవంతపెట్టకుండా ఐదు నిమిషాలు వదలండి.

అల్లడం నేర్పనవసరం లేదు; తెలుగింట మూడుపాయల జడ వేయడం రానివారు అరుదు. తేడా ఒక్కటే: తలజడలా బిగించకూడదు. పాయల మధ్య వదులుంటేనే పొంగడానికి చోటు ఉంటుంది, లేకపోతే ఓవెన్‌లో పక్కలు పగులుతాయి. మొదట్లో మూడు పాయలను నొక్కి కలిపి, చివరిదాకా అల్లి, కొసను కిందికి మడవండి. బటర్ పేపర్ పరిచిన ట్రేలో పెట్టి, ఒక చివర పాయల మధ్య ఎర్ర గుడ్డును సగందాకా దిగేలా నొక్కండి. రెండు రొట్టెలకూ ఒకే ట్రే అయితే మధ్యన జానెడు ఎడముంచండి.

ఇప్పుడు మళ్లీ గంటసేపు పొంగనివ్వాలి. వేలితో మెల్లగా నొక్కి చూడండి: గుంట వెంటనే పూడితే ఇంకా సమయం కావాలి, సగమే పూడి నిలిస్తే సిద్ధం, అసలు పూడకపోతే ఆలస్యమైంది, వెంటనే ఓవెన్‌లోకి పంపండి.

కాల్చడం

ఓవెన్‌ను 165 డిగ్రీల సెల్సియస్‌కు పదిహేను నిమిషాలు ముందే వేడిచేయండి. పచ్చసొనను పాలతో గిలకొట్టి, గుడ్డుకు తగలకుండా జడమీద బ్రష్‌తో పలుచగా పూయండి. పాయల సందుల్లోకి చేరి నిలిచిన పూత ఉడికి అట్టకడుతుంది కాబట్టి తుడిచేయండి. బాదం పలుకులు చల్లి కింది అరలో పెట్టండి.

చిన్న ఓటీజీల్లో (బల్లమీద పెట్టుకునే కరెంటు ఓవెన్లలో) పై కమ్మీ రొట్టెకు మరీ దగ్గర. చక్కెర, పచ్చసొన రెండూ ఉండటంతో పైభాగం పన్నెండు నిమిషాల్లోనే ముదురుతుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. రంగు నచ్చిన క్షణంలో అల్యూమినియం రేకును వదులుగా కప్పండి. మొత్తం 30 నుంచి 35 నిమిషాలు పడుతుంది. థర్మామీటర్ ఉంటే మధ్యలో గుచ్చి చూడండి, 88 నుంచి 90 డిగ్రీలు వస్తే దించేయవచ్చు. లేనివారు అడుగు తిప్పి రంగు చూడాలి: బెల్లంరంగు రావాలి. ఇంకో ఐదు నిమిషాలు ఉంటే మంచిదేమోనన్న ఆత్రం పోగును ఎండగడుతుంది.

దించిన రొట్టెను జాలీమీద పూర్తిగా చల్లారనివ్వండి. వేడిమీద తుంచితే లోపలి ఆవిరి బయటికి పోక ముక్క జిగటగా తగులుతుంది, ఇంతా చేసి పోగు కుదరలేదని అనవసరంగా బెంగపడతారు. వెన్నను చెప్పినట్టే వేసినా నిజంగానే కుదరనప్పుడు కారణాలు మూడే: పిసకడం చాలకపోవడం, పిండి బలహీనంగా ఉండడం, పాయలను లాగకుండా దొర్లించడం. రొట్టె పక్కలకు పరుచుకుపోయిందంటే మాత్రం ముద్ద వేడెక్కి ఉంటుంది, లేదా చివరి పొంగు ఎక్కువై ఉంటుంది.

రొట్టెలో కాలిన గుడ్డును తినాలనుకుంటే అదేరోజు తినేయండి; ఆ తర్వాత దాన్ని అలంకారంగానే చూడాలి. చల్లారిన రొట్టెను గాలి చొరని సంచిలో ఉంచితే మూడు నాలుగు రోజులు మెత్తగా ఉంటుంది. మన ఎండాకాలపు ఉక్కలో రెండో రోజు తర్వాత ముక్కలు చేసి ఫ్రీజర్‌కు మార్చడం క్షేమం. థెస్సలొనీకి నగరపు మిఠాయి దుకాణాల్లో చురేకిలో చెస్ట్‌నట్ ముద్ద కూరి పైన చాక్లెట్ పోసి అమ్ముతారు. ఇంట్లో చేసినదానికి అవేవీ అక్కరలేదు, కాఫీ చాలు. నాలుగోరోజు గట్టిపడ్డ ముక్కలను గుడ్డు, పాలు కలిపిన మిశ్రమంలో ముంచి, పెనంమీద వెన్నతో రెండువైపులా ఎర్రగా కాల్చితే మహ్లెపి వాసన మళ్లీ లేస్తుంది.